తమ్ముడి మజ్జ కలిసింది: థలసీమియా పాపకు మార్పిడి ఇప్పుడే చేయించాలా, ఆగాలా?

మీరు గుంతకల్లు నుంచి రాసిన వివరాలను ఒకచోట పెట్టి చూస్తే పరిస్థితి ఇది. పాపకు ఆరేళ్లు, థలసీమియా మేజర్, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. ఏడో నెల నుంచి మూడు వారాలకొకసారి అనంతపురం సర్వజన ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తున్నారు. రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జ పాపకు సరిపోతుందో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష మూడేళ్ల తమ్ముడికి చేయిస్తే పదికి పది కలిసింది, అయితే అతనికి థలసీమియా మైనర్, అంటే జబ్బు లేకుండా ఒక లోపపు జన్యువు మాత్రం ఉంది. ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకున్న ఐరన్‌ను చూపే ఫెరిటిన్ పాపకు 3,100. కాలేయం పక్కటెముకల కింద మూడు సెంటీమీటర్ల మేర చేతికి తగులుతోందని చీటీలో రాశారు. ఐరన్ తగ్గించే మాత్రలు వాంతులవుతున్నాయని చాలా నెలలు ఆపేశారు. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డ వెన్నులో సూది గుచ్చనివ్వనని అవ్వ పట్టుబట్టింది. చదువుకున్న బంధువులేమో జీన్ థెరపీ వస్తోంది, ఆగమంటున్నారు. ఉన్న నాలుగెకరాలు అమ్మితే తప్ప డబ్బు చేతికి రాదు.

నేను కర్నూలులో పిల్లల వైద్యుణ్ణి. థలసీమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా (మజ్జ రక్తం తయారుచేయడం మానేసే జబ్బు) ఉన్న పిల్లలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మార్పిడి చేసేది నేను కాదు. వెళ్లేముందు పిల్లలను సిద్ధం చేయడం, తిరిగి వచ్చిన తరువాత చూసుకోవడం నా పని. ఆ రెండు వైపుల నుంచి చూసినవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ పాపకు మార్పిడి చేయించవలసిందే, కానీ రేపే కాదు. పూర్తిగా కలిసిన తోబుట్టువు ఉండి, వయసు ఏడేళ్లలోపు ఉన్న పాపకు ఇంతకంటే మంచి అవకాశం తరువాత రాదు. అయితే ఇప్పుడున్న కాలేయంతో, ఇప్పుడున్న ఐరన్‌తో వెంటనే వెళితే ఆ అవకాశంలో కొంత భాగాన్ని మీరే చేజార్చుకున్నట్టవుతుంది. వచ్చే ఆరు నుంచి తొమ్మిది నెలలు మీ ఇంట్లో ఏం జరుగుతుందన్నదానికి, ఏ ఆసుపత్రిని ఎంచుకుంటారన్నదానికి ఉన్నంత ప్రాముఖ్యమూ ఉంది.

ఎందుకో వివరిస్తాను. థలసీమియాకు మజ్జ మార్పిడిని తొలిసారి విజయవంతంగా చేసింది 1981లో అమెరికాలోని సియాటెల్‌లో, డొనాల్ థామస్ బృందం. మార్పిడి విధానాన్ని రూపుదిద్దినందుకు ఆయనకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటలీలోని పెసారోలో గీడో లుకారెల్లి అదే పనిని వందలాది పిల్లలలో చేసి, ఎవరికి బాగా నప్పుతుందో, ఎవరికి ప్రమాదం ఎక్కువో మూడు ప్రశ్నలతో తేల్చారు. కాలేయం రెండు సెంటీమీటర్లకు మించి పెరిగిందా, కాలేయంలో నారలాంటి మచ్చలు ఏర్పడ్డాయా, ఐరన్ తీసే మందు క్రమం తప్పకుండా వాడారా అన్నవే ఆ ప్రశ్నలు. మూడింటిలోనూ బాగున్న పిల్లలది మొదటి తరగతి, మూడూ చెడిపోయిన వాళ్లది మూడో తరగతి. మీ పాప ఇప్పుడు కనీసం రెండో తరగతిలో ఉంది. మంచి అనుభవమున్న కేంద్రాల్లో, కాలేయం బాగున్న చిన్నపిల్లలకు తోబుట్టువు మజ్జతో చేస్తే సుమారుగా వందలో 85 నుంచి 90 మంది రక్తం అవసరం లేకుండా బతుకుతున్నారు. కాలేయం గట్టిపడిన పిల్లలలో ఆ సంఖ్య స్పష్టంగా తగ్గుతుంది, ఎందుకంటే మార్పిడికి ముందు పాత మజ్జను ఖాళీ చేయడానికి ఇచ్చే బుసల్ఫాన్ వంటి తీవ్రమైన మందుల దెబ్బ మొదట పడేది కాలేయం మీదే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మార్పిడి అంటే గుండెకు రంధ్రం మూయడం లాంటి ఒక పూట ఆపరేషన్ కాదు. రక్తం, ఐరన్ తగ్గించే మాత్రలతో ఎన్నో ఏళ్లు బతకగలిగిన బిడ్డను, వందలో ఐదారుగురికో అంతకంటే కొంచెం ఎక్కువ మందికో ప్రాణాపాయం ఉన్న చికిత్సకు మీ చేతులతో తీసుకెళుతున్నారు. మరికొందరిలో కొత్త మజ్జ నిలవక, మళ్లీ రక్తం మొదలవుతుంది. ఈ సంఖ్య మీకూ, మీ భార్యకూ, అవ్వకూ ముగ్గురికీ తెలిసి ఉండాలి. తెలిసి తీసుకున్న నిర్ణయమైతేనే కష్టం వచ్చిన రోజున ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకుండా నిలబడగలుగుతారు. అయినా చేయించమనే ఎందుకంటున్నానంటే, మన జిల్లాల్లో ఐరన్ తీసే మందు క్రమంగా వాడుతూ, వడపోసిన రక్తం సమయానికి దొరుకుతూ పెద్దవాళ్లైన థలసీమియా పిల్లలు చాలా తక్కువ. పన్నెండు పద్నాలుగేళ్లు వచ్చేసరికి గుండెలోనూ కాలేయంలోనూ ఐరన్ పేరుకుపోయి, అప్పుడు మార్పిడి గురించి అడిగేవాళ్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు.

ఇక మొదటి పని ఐరన్ తగ్గించడం. దానికిచ్చే డెఫెరాసిరాక్స్ మాత్ర వాంతి చేసుకుంటోందని ఆపకండి. అన్నానికి అరగంట ముందు, ఖాళీ కడుపుతో, గ్లాసు నీళ్లలోనో బత్తాయి రసంలోనో పూర్తిగా కరిగేదాకా కలిపి, అడుగున మిగిలిన ముద్దలో మళ్లీ కొన్ని నీళ్లు పోసి తాగించాలి. చాలా ఇళ్లలో మందంతా ఆ అడుగునే ఉండిపోతుంది. పాలలో కలపకూడదు. ఒకేసారి తాగలేకపోతే మోతాదును ఉదయం, సాయంత్రం రెండుగా చేయవచ్చేమో డాక్టరును అడగండి. నీళ్లలో కరిగించే పని లేకుండా మింగే మాత్ర రూపం కూడా ఇప్పుడు దొరుకుతోంది, దాని మోతాదు మాత్రం వేరు. నెలకొకసారి క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయ పరీక్షలు తప్పనిసరి. ఈ ఒక్క మందుతో ఫెరిటిన్ దిగకపోతే డెఫెరిప్రోన్‌ను జతచేయడమో, డెస్ఫెరాల్‌ను చర్మం కింద పంపుతో ఇవ్వడమో చేస్తారు. ఫెరిటిన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఒకసారి టీ2 స్టార్ ఎమ్మారై చేయిస్తే గుండెలో, కాలేయంలో ఐరన్ ఎంతుందో నేరుగా తెలుస్తుంది. కాలేయం రెండు సెంటీమీటర్లలోపుకు దిగి మెత్తబడిందని చేతికి తెలిసిన రోజు మీరు మార్పిడికి తేదీ అడగవచ్చు.

రెండో పని రక్తం. ఎక్కించేముందు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నరకు తగ్గకుండా చూసుకోండి. ఏడుకో ఎనిమిదికో దిగేదాకా ఆగితే, లోపల మజ్జ ఉబ్బి, కాలేయం, ప్లీహం ఇంకా పెరుగుతాయి. తెల్లకణాలను వడపోసిన రక్తమే అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, తల్లిదండ్రులు, మేనమామలు, పెదనాన్న పిల్లలు ఎవరూ పాపకు రక్తం ఇవ్వకూడదు. ఆపద అంటే ఇంటిల్లిపాదీ చెయ్యి చాపి ముందుకు వచ్చే ఊళ్లు మనవి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ మంచి గుణమే కీడు చేస్తుంది. దగ్గరి బంధువుల రక్తం ఎక్కితే పాప శరీరం ఆ కణాలను శత్రువులుగా గుర్తు పెట్టుకుని, రేపు తమ్ముడి మజ్జను కూడా తోసిపుచ్చే ప్రమాదం పెరుగుతుంది. బంధువులు బ్లడ్ బ్యాంకుకు వెళ్లి వేరే పిల్లల కోసం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

ఇప్పుడు అవ్వ భయం. ఆమె మాటను కొట్టిపారేయకండి, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలా చెప్పండి. వెన్నుపూసలో ఎవరూ సూది పెట్టరు. పిల్లవాడికి పూర్తిగా మత్తు ఇచ్చి, బోర్లా పడుకోబెట్టి, నడుము కింద, పిరుదులపైన రెండు వైపులా చేతికి తగిలే తుంటి ఎముక నుంచి సిరంజీతో మజ్జను లాగుతారు. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు మించి తీయరు. మీవాడు పదమూడు కిలోలుంటే ఎక్కువలో ఎక్కువ 260 మిల్లీలీటర్లు. తీసిన మజ్జ కొద్ది వారాల్లో మళ్లీ పుడుతుంది. రెండు మూడు రోజులు నడుము నొప్పి, కొన్ని వారాలు ఐరన్ పెంచే మందు, అంతే. చిన్న పిల్లాడు కాబట్టి ఒక్కోసారి అతనికీ కొంచెం రక్తం ఎక్కించాల్సి రావచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. తీయడానికి మత్తు ఇవ్వడంలో ఉండే స్వల్ప ప్రమాదం తప్ప, అతని ఎదుగుదలకు, నడకకు, రేపటి సంసారానికి ఏ లోటూ రాదు. ఇక అతని మైనర్ విషయానికి వస్తే, మైనర్ ఉన్న తోబుట్టువు నిశ్చింతగా దాత కావచ్చు. రక్తం గ్రూపు వేరైనా అడ్డంకి లేదు.

జీన్ థెరపీ గురించి మీ బంధువులు చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో 2022లో థలసీమియాకు ఒకటి, 2024 జనవరిలో రెండోది అనుమతి పొందాయి. మొదటిదాని ధర 28 లక్షల డాలర్లు, రెండోదాని ధర 22 లక్షల డాలర్లు. రెండోదాన్ని అప్పుడు పన్నెండేళ్లు నిండినవారికే అనుమతించారు. పైగా ఆ రెండింటికీ ముందు ఇదే బుసల్ఫాన్ ఇచ్చి పాత మజ్జను ఖాళీ చేయక తప్పదు. తోబుట్టువు మజ్జ పదికి పది కలిసిన బిడ్డను దాని కోసం ఆపమని నేను ఎవరికీ చెప్పను.

మార్పిడి ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే తెలియనితనమే తల్లిదండ్రులను ఎక్కువ హింసిస్తుంది. ముందుగా పంటి వైద్యుడు పుచ్చు పళ్లన్నీ బాగు చేస్తాడు, ఛాతీ దగ్గర పెద్ద సిరలోకి ఒక గొట్టం అమరుస్తారు. గాలిని వడపోసే గదిలో తల్లో తండ్రో ఒక్కరే తోడుంటారు. వారం పది రోజులు మందులు. వాటి తరువాత వచ్చే రోజును సున్నా రోజు అంటారు. ఆ రోజు ఏదో పెద్ద ఆపరేషన్ జరుగుతుందని ఎదురుచూసిన తల్లిదండ్రులకు, సెలైన్ స్టాండుకు మామూలు రక్తం సంచిలాంటిదే, ఇంకొంచెం ముదురు ఎరుపులో, పైన సన్నటి కొవ్వు తేలుతూ ఉన్న సంచి వేలాడదీస్తే నమ్మబుద్ధి కాదు. కొన్ని గంటల్లో అది గొట్టం గుండా లోపలికి దిగి, తన ఎముకల దారి తనే వెతుక్కుంటుంది. అసలు కష్టం ఆ తరువాతే. నోరంతా పుళ్లు పడి గుటక కూడా మింగలేని రోజులుంటాయి, జుట్టు రాలుతుంది, జ్వరం వస్తుంది, తెల్లకణాలు సున్నాకు పడిపోతాయి. తెల్లవారుజామున నర్సు గొట్టం నుంచి రక్తం తీసుకెళ్లిన దగ్గర నుంచి ఆ వార్డులో తల్లులందరి నోటా ఒకే ప్రశ్న, 'కౌంట్స్ లేచాయా?' అని. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ వరుసగా మూడు రోజులు 500 దాటితే కొత్త మజ్జ పట్టుకున్నట్టు లెక్క. సాధారణంగా అది రెండు నుంచి నాలుగు వారాల మధ్య జరుగుతుంది.

మజ్జ పట్టుకుందని ఇంటికి పరుగెత్తకూడదు. సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గరలోనే అద్దె గది తీసుకుని ఉండాలి. కొత్త మజ్జలోని రక్షణ కణాలు పాప శరీరాన్నే పరాయిదిగా భావించి దాడి చేసే జబ్బు, జీవీహెచ్‌డీ, ఎక్కువగా ఈ వంద రోజుల్లోనే బయటపడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి దద్దు, ఆగని విరేచనాలు, కళ్లు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా, జ్వరం 100.4 దాటినా అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి. దాన్ని అదుపులో పెట్టే సైక్లోస్పోరిన్‌ను కొన్ని నెలలపాటు, ఒక్క పూట కూడా తప్పకుండా వేయాలి.

ఊరికి తిరిగి వచ్చాక మన ప్రాంతానికే సంబంధించిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వీటిని పెద్ద నగరాల్లోని డాక్టర్లు ఎప్పుడూ చెప్పలేకపోవచ్చు. పాప వస్తోందని ఇంటికి సున్నం వేయించడం, గోడ పగలగొట్టి కొత్త గది కట్టించడం చేయకండి, చేస్తే ఆమె రాకముందే పూర్తి చేయండి. తవ్విన మట్టి దుమ్ములో, వరిగడ్డిలో, వేరుశనగ పొట్టు కుప్పలో ఉండే బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదకు వస్తుంది. ఇంటి ముందే పశువుల కొట్టం ఉంటే ఆ కొన్ని నెలలు పశువులను వేరేచోటికి మార్చండి. పల్స్ పోలియో ఆదివారం తమ్ముడికి చుక్కలు వేయించకండి. ఆ చుక్కల్లోని బతికున్న వైరస్ అక్కకు సోకవచ్చు. అతనికి సూది టీకా వేయించాలి. ఎప్పుడైనా రక్తం అవసరమైతే, రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి కాబట్టి, మార్పిడి కేంద్రాన్ని అడగకుండా ఏ ఆసుపత్రిలోనూ ఒప్పుకోవద్దు. పాప చిన్నప్పటి టీకాల రక్షణ పోతుంది, ఆరు నెలలో ఏడాదో గడిచాక మళ్లీ మొదటి నుంచి వేయాలి. తట్టు వంటి బతికున్న టీకాలు రెండేళ్ల తరువాతే.

మరో మూడు విషయాలు ముందే తెలిస్తే తరువాత కంగారు ఉండదు. మీవాడికి మైనర్ ఉంది కాబట్టి పాపకు మార్పిడి తరువాత వచ్చేది కూడా మైనర్ రక్తమే. హిమోగ్లోబిన్ పదీ పదకొండు దగ్గర నిలబడిపోతుంది, ల్యాబు వాళ్లు థలసీమియా మైనర్ అని రాస్తారు. అది జబ్బు తిరగబెట్టడం కాదు, తమ్ముడి మజ్జ పనిచేస్తోందనడానికి గుర్తు. ఆమె రక్తం గ్రూపు కూడా అతని గ్రూపులోకి మారుతుంది, ఆధార్ పక్కన దాచుకునే చీటీలన్నిటిలో మార్చి రాయించండి. ఇక ఒంట్లో మిగిలిన పాత ఐరన్ మార్పిడితో పోదు. ఏడాది గడిచాక రెండు వారాలకొకసారి కొంచెం కొంచెం రక్తం తీసేయడమో, మళ్లీ అదే మాత్రలో అవసరమవుతాయి. ఇన్నేళ్లు ఎక్కించుకున్న బిడ్డ నుంచి రక్తం తీస్తున్నారని తల్లులు బెదిరిపోతారు, బెదరనక్కరలేదు.

ఆడపిల్ల కాబట్టి ఇంకొకటి అడగండి, అడగడానికి మొహమాటపడకండి. బుసల్ఫాన్ అండాశయాలను దెబ్బతీస్తుంది, పెద్దయ్యాక పిల్లలు కలగకపోయే అవకాశం నిజంగా ఉంది. దానికి బదులు ట్రియోసల్ఫాన్ అనే మందు వాడితే ఆ నష్టం కొంత తక్కువని భావిస్తున్నారు. కొన్ని కేంద్రాల్లో మార్పిడికి ముందే అండాశయపు ముక్క తీసి భద్రపరుస్తారు. మందులు మొదలైన తరువాత ఈ ప్రశ్న వేసి ప్రయోజనం లేదు.

పొలం మాట. అమ్మడానికి తొందరపడకండి. తోబుట్టువు మజ్జతో మార్పిడికి మన దేశంలో సుమారు 10 నుంచి 15 లక్షలవుతుంది, ఇన్‌ఫెక్షన్లు వస్తే ఇంకా పెరుగుతుంది. థలసీమియా మార్పిడి కోసం కోల్ ఇండియా సంస్థ 2017 నుంచి థలసీమియా బాల్ సేవా యోజన నడుపుతోంది. కుటుంబంలోనే దాత కలిసిన, పన్నెండేళ్లలోపు పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, 10 లక్షల వరకు ఇస్తుంది. దరఖాస్తు ఎంపిక చేసిన ఆసుపత్రుల ద్వారానే వెళ్లాలి. వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నారాయణ హృదయాలయ ఆ జాబితాలో ఉన్నవే. దీనికి తోడు ఎన్టీఆర్ వైద్య సేవ, ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో ఏ పథకం వర్తిస్తుందో చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి. చేరిన తరువాత చాలా నిధులు రావు. రైలులో థలసీమియా రోగికీ తోడు వెళ్లేవారికీ స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంది. గుంతకల్లు నుంచి బెంగళూరుకూ, వెల్లూరుకు దిగే కాట్పాడికీ నెలల తరబడి తిరగాల్సిన మీకు అది చిన్న మొత్తం కాదు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తీసుకోకపోతే వెంటనే తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియా చేరింది.

ఆసుపత్రిని భవనం చూసి ఎంచుకోకండి. వెల్లూరులో 1986 నుంచీ మార్పిడులు జరుగుతున్నాయి, బెంగళూరు, హైదరాబాదుల్లో కూడా మంచి బృందాలున్నాయి. మూడు అడగండి: గత సంవత్సరం థలసీమియా పిల్లలకే ఎన్ని మార్పిడులు చేశారు, వారిలో ఈ రోజు ఎందరు రక్తం లేకుండా ఉన్నారు, రాత్రి పన్నెండుకు జ్వరం వస్తే ఫోన్ ఎత్తేది ఎవరు. నిజాయితీగా పనిచేసే బృందం ఈ ప్రశ్నలకు చిరాకు పడదు.

మీరు చివర్లో, మీ మరదలిని వాళ్ల మేనమామకే ఇవ్వాలని ఇంట్లో మాట్లాడుకుంటున్నారని రాశారు. పెళ్లి వద్దని నేను చెప్పడం లేదు, కానీ లగ్నం పెట్టుకునేలోగా ఇద్దరికీ, మైనర్ ఉందో లేదో తేల్చే రక్త పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హెచ్‌బీఏ2, చేయించండి. మీ భార్యకు మైనర్ ఉన్నప్పుడు చెల్లెలికీ మేనమామకూ ఉండే అవకాశం తక్కువేమీ కాదు. ఒకరికే ఉంటే ఏ భయమూ లేదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి మేజర్ వచ్చే అవకాశం ఉంటుంది. అప్పుడు ఇద్దరి జన్యు లోపం ఏదో ముందే గుర్తించి పెట్టుకుని, గర్భం నిలిచిన పదకొండు పన్నెండు వారాల్లో మాయ నుంచి చిన్న నమూనా తీసి పరీక్షించాలి. ఆ పరీక్షకు బెంగళూరో హైదరాబాదో వెళ్లాలి కాబట్టి, నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి.